శేషాచలమా, సేసాచలమా? ఇంట్లో చేసుకున్న ఫుల్ రేంజ్ స్పీకర్ల ట్రెబుల్ మీద మూడేళ్ల తర్వాత నా మాట

మూడేళ్ల రెండు నెలలు విన్నాను వీటిని. పొద్దున గంట, రాత్రి గంటన్నర, ఆదివారమైతే లెక్కే లేదు. అంత విన్నాక రాస్తున్నాను కాబట్టి "తెచ్చిన వారానికే అద్భుతం" రకం సమీక్ష కాదిది. తెచ్చిన వారానికి నేనూ అద్భుతమనే అన్నాను లెండి, ఆ సంగతికే వస్తున్నా.

ముందు సరుకు. నాలుగు అంగుళాల ఫుల్ రేంజ్ డ్రైవర్లు రెండు, అంటే కింది స్వరాల నుంచి పై స్వరాల దాకా అన్నీ ఒక్కటే పలికే స్పీకర్లు, 8 ఓమ్‌లు, కాగితం కోను, దాని మధ్యలో పై స్వరాల కోసం గరాటు లాంటి ఇంకో బుల్లి కోను, విజ్జర్ అంటారు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొని సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో తిరుపతి దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. కంపెనీ పేరు రాయను, నేను తిట్టబోయే గుణం ఈ సైజు కాగితం కోన్లలో చాలావాటికి ఉండేదే, ఒక్కరి మీద తోయడం న్యాయం కాదు. పెట్టె 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, లోపల ఎనిమిది లీటర్ల చోటు, ముందు పలక వెడల్పు 18 సెంటీమీటర్లు, వెనక పోర్టు. చేసింది మా వీధి ఆచారి. "ఎర్రచందనంతో చేస్తే సౌండు ఇంకా బాగుంటాదేమో సార్" అన్నాడు నవ్వుతూ. బాగుంటుందో లేదో ఇద్దరం జైల్లో కూర్చుని వినాల్సి వస్తుందన్నాను. ఆంప్లిఫయర్ చిన్న క్లాస్-డి బోర్డు. పై స్వరాలకు, అంటే ట్రెబుల్‌కి, విడిగా ట్వీటర్ అనే బుల్లి స్పీకర్ లేదు, స్వరాలను విడదీసి పంచే క్రాసోవర్ లేదు.

మొదటి వారం నాకు పండగే. ఎప్పుడూ వినే పాటల్లో ఎప్పుడూ వినని చప్పుళ్లు. గాయని ఊపిరి తీసుకోవడం, వయొలిన్ కమాను తీగ మీద గీరుకోవడం, మృదంగం వాయించే ఆయన ఉంగరం టక్కుమనడం కూడా. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఏందిరా అది, కాలే పెనం మీద నీళ్లు చల్లినట్టు చుయ్ చుయ్‌మంటా ఉండాది?" అంది. "క్లారిటీ మా, ఇన్నాళ్లూ మనం టీవీ సౌండుకి అలవాటు పడిపోయినాం" అని ఆమెకే పాఠం చెప్పాను. మూడో వారానికి ఒకటి గమనించాను. పాట మొదలవగానే వాల్యూమ్ పెంచుతున్నాను, రెండో పాట మధ్యలో నా చెయ్యి దానంతటదే పోయి తగ్గిస్తోంది, నాలుగో పాటకి ఆపేసి ఇంకేదో పని చూసుకుంటున్నాను. కొత్త స్పీకర్లు పెట్టుకుని ఎవరైనా నలభై నిమిషాలకే లేచిపోతారా? ట్రెబుల్ బాగుందో లేదో ఆ చెయ్యి చెప్పినంత నిజంగా నా చెవి ఎప్పుడూ చెప్పలేదు.

కొత్తగా ఫుల్ రేంజ్ పెట్టె చేసినవాళ్లు దాదాపు అందరూ పడే బోల్తా ఇది. ట్రెబుల్ ఎంత ఉందో చూస్తారు, ఎట్లాంటిదో చూడరు. కాగితం కోను పై స్వరాలకు వచ్చేసరికి ఒక్క ముక్కగా కదలదు, ఎక్కడికక్కడ విడివిడిగా వణుకుతుంది, దానివల్ల కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర గుట్టలు లేస్తాయి, పక్కనే గుంటలు పడతాయి. ఆ గుట్ట మీద ఏ చప్పుడు పడినా మెరుస్తుంది. ఆ మెరుపునే మనం క్లారిటీ అనుకుంటాం.

దీన్ని పట్టుకోవడానికి గ్రాఫులు అక్కర్లేదు, మన భాషే చాలు. స, శ, ష మూడూ మనకున్నాయి కదా. స పలికేటప్పుడు గాలి పళ్ల వెనకనుంచి దూసుకొస్తుంది, దాని బలమంతా చాలావరకు 5 కిలోహెర్ట్జ్ పైన. శ అంటే నాలుక కాస్త వెనక్కి జరుగుతుంది, బలం 3 దగ్గర్నుంచే మొదలవుతుంది. ష కి నాలుక ఇంకా వెనక్కి మడుస్తాం, అది మరికాస్త కిందికి దిగుతుంది. మనిషిని బట్టి అటూ ఇటూ అయినా వరస మాత్రం ఇదే. మా ఇంటి కిటికీలోంచి కనపడే కొండల పేరునే పరీక్ష పెట్టాను, స్పష్టంగా పలికే మనిషి చేత "శేషాచలం", "విశేషం", "శ్రీనివాస" అనిపించి ఫోన్లో రికార్డు చేసి స్పీకర్లో వేశాను. నా స్పీకర్లో శేషాచలం కాస్తా సేసాచలం అయిపోయింది! గుట్ట ఉన్నచోటికి దగ్గర్లో ఉన్న స గెలుస్తోంది, శ, ష రెండూ దాని వేషమే వేసుకుంటున్నాయి. అమ్మ చెప్పిన పెనం ఇదే. ఫోన్లో స్పెక్ట్రమ్ చూపే ఆప్ వేసి చూస్తే 7 కిలోహెర్ట్జ్ దాటిన కాసేపటికి గుట్ట నిక్కచ్చిగా నిలబడి ఉంది. ఫోన్ మైకుని కొలతకు నమ్మను గానీ గుట్ట ఎక్కడుందో చూపించడానికి చాలు.

వెంటనే ప్లేయర్లో ట్రెబుల్ తగ్గించేశాను, అది నేను చేసిన ఇంకో తప్పు. మొత్తం మొద్దుబారింది, పెనం చప్పుడు మాత్రం అట్లాగే ఉంది. ఎందుకంటే నా గొడవలో సగం అసలు ట్రెబుల్‌ది కానే కాదు. పెట్టె ముందు పలక సన్నగా ఉంటే కింది స్వరాల పెద్ద అలలు పలక చుట్టూ తిరిగి వెనక్కి పోతాయి, పై స్వరాలేమో పలక ఆసరాతో ముందుకే వస్తాయి. 18 సెంటీమీటర్ల పలకకి ఈ మార్పు దాదాపు 640 హెర్ట్జ్ చుట్టుపక్కల జరుగుతుంది, లెక్క ప్రకారం తేడా 6 డెసిబెల్ దాకా ఉంటుంది. అంటే కింద తగ్గింది కాబట్టి పైన ఎక్కువైనట్టు అనిపిస్తోంది. పప్పులో ఉప్పు సరిపోకపోతే పులుపు ఎక్కువైనట్టు తోచదూ, అట్లాగన్నమాట. 1.5 మిల్లీహెన్రీల కాయిల్, దానికి సమాంతరంగా 4.7 ఓమ్‌ల రెసిస్టర్, ఈ జతని డ్రైవర్‌కి సిరీస్‌లో పెట్టాను, అది పైనున్నదంతా కాస్త తగ్గించి కింది స్వరాలకు సమం చేస్తుంది. నా స్పీకర్లు గోడకి దగ్గరగా ఉంటాయి కాబట్టి నాలుగు డెసిబెల్ దిద్దితే సరిపోయింది, పూర్తి ఆరూ దిద్దితే మనిషి గొంతు బానలోంచి వచ్చినట్టుంది. పదిహేను రూపాయల రెసిస్టర్‌తో, ఓ కాయిల్‌తో ట్రెబుల్ మీద నాకున్న ఫిర్యాదు సగం పోయింది, ట్రెబుల్‌ని విడిగా ముట్టుకోకుండానే.

మిగతా సగానికి నాచ్ ఫిల్టర్, అంటే ఆ గుట్ట ఉన్నచోట మాత్రమే చప్పుడు తగ్గించేది. 0.1 మిల్లీహెన్రీ కాయిల్, 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్, 8 ఓమ్‌ల రెసిస్టర్, మూడూ సమాంతరంగా కలిపి డ్రైవర్‌కి సిరీస్‌లో. కాయిల్, కెపాసిటర్ లెక్క వేస్తే సరిగ్గా 7.3 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఇక్కడొక షాపులో ఫిల్మ్ కెపాసిటర్ అడిగితే మామూలు ఎలక్ట్రోలైటిక్ చేతిలో పెట్టి "రెండూ ఒకటే సార్" అన్నారు. ఒకటి కాదు. ప్లస్సు మైనస్సు గుర్తున్న కెపాసిటర్ స్పీకర్ లైన్లో పనికిరాదు, ఆ మాట నమ్మి ఒక వారం పోగొట్టుకున్నాను. సరైనది పెట్టాక శే, షా మళ్లీ విడిపోయాయి.

ఇక తాళాల సంగతి. మా వీధి రామాలయం భజన బృందం దగ్గర కంచు తాళాలు ఒక జత అరువు తెచ్చుకున్నాను, వాటి చప్పుడు ఫోన్లో రికార్డు చేసుకున్నాను. ఒక రాత్రి ఫ్యాన్ ఆపేసి, ముందు నిజం తాళం స్పీకర్ పక్కనే నిలబడి ఒక్కసారి కొట్టాను, తర్వాత రికార్డు వేశాను. నిజం తాళం కొట్టగానే ఒక దెబ్బ, దాని వెనకే రెండు అంచులూ కొంచెం తేడా శ్రుతిలో మోగడం వల్ల వచ్చే అల, అది ఊగుతూ ఊగుతూ సన్నబడి, ఎప్పుడు ఆగిందో తెలియకుండా ఆగిపోతుంది. స్పీకర్లో దెబ్బ బాగానే వచ్చింది, అల కూడా ఉంది, కానీ తోక చివర్న ఆ ఊగడం పోయి ఉత్త సన్నటి "స్స్" మిగిలింది. ఫోన్ రికార్డింగ్ పాపం కూడా కొంత ఉంటుంది, కాదనను, కానీ అదే ఫైల్ మంచి హెడ్‌ఫోన్లో వింటే ఊగడం చివరిదాకా వినపడింది. నాచ్ పెట్టాక కూడా ఈ లోటు పూర్తిగా పోలేదు. ఈ డ్రైవర్‌కి నేను మార్కులు తగ్గించేది ఇక్కడే. కంజీరా బిళ్లల గలగల, తంబూరా జుమ్ము మాత్రం బాగా పలుకుతాయి. కచేరీ రికార్డింగుల్లో చప్పట్లు వినండి, చాలామంది దాన్ని వదిలేస్తారు. చెడ్డ ట్రెబుల్‌లో చప్పట్లు రేకుల మీద వాన లాగా ఉంటాయి, మంచిదాంట్లో అరచేతులు వేరువేరుగా తెలుస్తాయి. నావాటిలో ముందు వరుసలు అరచేతులు, వెనక వరుసలు వాన.

ఎక్కడ కూర్చుని వింటున్నామన్నది ఇంకో పెద్ద కథ. పేరుకి నాలుగు అంగుళాలైనా పనిచేసే కోను అడ్డం దాదాపు 8 సెంటీమీటర్లు. 10 కిలోహెర్ట్జ్ చప్పుడు అల పొడవు 3.4 సెంటీమీటర్లే. కోను కన్నా అల చిన్నదయ్యేకొద్దీ చప్పుడు టార్చిలైటు వెలుగులాగా ముందుకే పోతుంది, విజ్జర్ కొంత ఆదుకుంటుంది గానీ పూర్తిగా కాదు. నిలబడితే ఒక ట్రెబుల్, కూర్చుంటే ఇంకోటి. నేను చివరికి రెండు స్పీకర్లనీ నా మొహం మీదికి కాకుండా, వాటి చూపులు నాకు అడుగు ముందర కలిసేట్టు లోపలికి తిప్పాను. గుట్ట పదునంతా కోనుకి ఎదురుగానే ఉంటుంది, 15 డిగ్రీలు పక్కకి జరిగితే చాలా తగ్గుతుంది. ఇది పైసా ఖర్చు లేని పని, నాచ్ కన్నా ముందే చేసి ఉండాల్సింది.

గది గురించి రెండు ముక్కలు. గ్రానైట్ నేల, కాంక్రీటు మిద్దె, బోసి గోడలు, మన ఇళ్లన్నీ ఇంతే, ఏ స్పీకరైనా గోల పెడుతుంది. స్పీకర్లకీ నాకూ మధ్య నేలమీద మందపాటి జంపఖానా పరిచాను, ఎదురు గోడకి పుస్తకాల బీరువా జరిపాను. ఎండాకాలం ఫ్యాను అయిదులో పెట్టి ట్రెబుల్ మీద తీర్పు చెప్పకండి, ఆ గాలి చప్పుడు సన్న చప్పుళ్లన్నీ తినేస్తుంది. నేను పెద్ద నిర్ణయాలన్నీ ధనుర్మాసం తెల్లవారుజామునే తీసుకున్నాను, కొండమీద సుప్రభాతం బదులు తిరుప్పావై చదివే నెల, ఇంట్లో ఫ్యాన్లు తిరగని నెల.

చెవి సంగతీ ఒప్పుకోవాలి. నాకు 47. ఫోన్లో టోన్ వేసి చూస్తే 13 కిలోహెర్ట్జ్ తర్వాత నాకు నిశ్శబ్దం. పదో తరగతి చదివే మా అమ్మాయి 17 దాకా చెయ్యెత్తింది. కాబట్టి పై చివర గురించి ఆమె మాటే రాస్తున్నాను: "పైన ఏదో మూత పెట్టినట్టుంది నాన్నా, కానీ చెవులు నొప్పెట్టవు."

బ్రేక్-ఇన్ గురించి, అంటే కొత్త స్పీకర్ కొన్నాళ్లు మోగాకే కుదురుకుంటుందనే మాట గురించి అడుగుతారు. మా బావ కోసం తెచ్చిన రెండో జత ఎనిమిది నెలలు అట్టపెట్టెలోనే ఉండిపోయింది. దాన్ని బయటికి తీసి, అప్పటికే వందల గంటలు మోగిన నా జత పక్కన అదే పెట్టెలో బిగించి విన్నాం. కింది స్వరాల్లో నావి రవ్వంత మెత్తబడ్డాయేమో గానీ ట్రెబుల్‌లో ఇద్దరికీ తేడా తెలియలేదు. వంద గంటలకి పదును పోతుందని చెప్పేవాళ్లకి పోయింది చెవి పదునేనని నా అనుమానం. బావ మాత్రం తన పెట్టెకి 2.2 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో, అంటే 9 కిలోహెర్ట్జ్ పైన పనిచేసేట్టు, ఒక ట్వీటర్ తగిలించుకున్నాడు. తాళం తోక అందులో నాదానికన్నా బాగుంది, నిజం ఒప్పుకోవాలి. కానీ స మాత్రం గొంతు నుంచి విడిపోయి నాలుగు వేళ్ల పైనుంచి వస్తుంది. నేనూ పదిహేను రోజులు పెట్టి తీసేశాను. తాళం కోసం నోటిని రెండు ముక్కలు చేయడం నాకు ఇష్టం లేదు. బావకి తాళమే కావాలి, అతని ఇల్లు అతని ఇష్టం.

మళ్లీ చేస్తే? ఇదే డ్రైవర్, పలక ఇంకో పది సెంటీమీటర్లు వెడల్పు, నాచ్ మొదటి రోజే. ఎస్వీ సంగీత కళాశాల పక్కగా నడిచి వెళ్తున్నప్పుడు లోపల ఎవరో మైకు లేకుండా వయొలిన్ సాధన చేస్తుంటే ఆగి వింటాను అప్పుడప్పుడు. అందులో మెరుపు అసలు లేదు, జిగురు ఉంది. నావి ఆ జిగురుకి ముప్పావు దూరం వచ్చాయి.

పోయిన వారం ఈ సమీక్ష రాద్దామని, నాచ్ లేకుండా ఒకసారి విందామని దాన్ని వైరుతో దాటించి, మళ్లీ కలపడం మర్చిపోయి పడుకున్నాను. పొద్దున్నే అమ్మ తనే స్విచ్చి వేసుకుంది. రెండు నిమిషాలు కూడా కాలేదు, వంటింట్లోంచి కేక:

"ఏందిరా, మళ్లీ పెనం పెట్టినావా?"