ఉప్పునీటి అక్వేరియంలో ఆర్టిఫిషియల్ కోరల్స్: కొన్నేళ్లు వాడాక నా మాట

ఆర్టిఫిషియల్ కోరల్స్, అంటే తొట్టె అలంకరణకి పెట్టే నకిలీ పగడాలు, కొనొచ్చా అని మా భీమవరం వైపు ఎవరడిగినా ఒకటే చెప్తాను. కొనండి, కానీ షాపులో రంగు చూసి కొనకండి. ఏడాది పోయాక దాన్ని ఎలా కడగాలో ఆలోచించి కొనండి. మా ఇంట్లో నాలుగడుగుల ఉప్పునీటి తొట్టె ఉంది. అందులో రెజిన్‌వి (అచ్చుల్లో పోసి గట్టిపరిచినవి), రబ్బరులా మెత్తగా ఉండే సిలికాన్‌వి, గట్టి ప్లాస్టిక్ కొమ్మలు మూడూ కొన్నేళ్లు వాడి చూశాను.

నిజమైనవి ఎందుకు పెట్టలేదంటే, మొదట చట్టం. రాతి కోరల్స్ అన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులి ఉన్నదీ ఆ షెడ్యూల్లోనే. రెండోది మా ఎండలు. మే నెలలో ఏసీ లేని గదిలో తొట్టె నీళ్లు 30 డిగ్రీలు దాటేస్తాయి. క్లౌన్ ఫిష్ కాస్త ఓర్చుకుంటుంది. కోరల్ ఓర్చుకోదు. దాని ఒంట్లో ఉండి తిండి పెట్టే సూక్ష్మమైన నాచు వేడికి బయటికి పోతుంది, కోరల్ తెల్లగా పాలిపోతుంది. దానికోసం నీళ్లు చల్లబరిచే చిల్లరు యంత్రం, చిల్లరు కోసం జనరేటరు అంటూ మొదలుపెడితే ఇంట్లోవాళ్లు ముందు నన్ను బయటికి పంపుతారు. అన్నట్టు, అంతర్వేది దగ్గర సముద్రంలో కోరల్స్ ఉంటాయా అని పిల్లలు అడుగుతుంటారు. గోదావరి కలిపే మంచినీళ్లు, ఒండ్రు వాటికి పడవు. మన్నార్ సింధుశాఖకో, లక్షద్వీప్‌కో, అండమాన్‌కో వెళ్లాల్సిందే.

ఇక వాడకం సంగతి. రెజిన్ కోరల్స్ పెట్టిన కొత్తలో తొట్టె తీర్థంలో బొమ్మల కొట్టులా ఉంటుంది. గులాబీ, నారింజ, ఊదా, అన్నీ ఒకేసారి అరుస్తాయి. మొదటి వారాల్లో వాటిమీద గోధుమరంగు పొడి పేరుకుంటుంది. ఆ తర్వాత పచ్చపాచి పడుతుంది. చాలామంది ఈ దశలోనే విసుగెత్తి తీసి పారేస్తారు. నేనైతే ఇక్కడి నుంచే వీటి అందం మొదలవుతుందంటాను. పల్చగా పాచి పట్టి, లైటు తగిలే వైపు రంగు కొంచెం వెలిసిన రెజిన్ ముక్క చూడ్డానికి కొత్తదానికన్నా ఎంతో నిజంగా ఉంటుంది. చేపలు కూడా ఆ పాచిని గీరుతూ తిరుగుతాయి. పాచి మరీ దట్టం కాకుండా లైటు రోజుకి ఆరేడు గంటలకి మించి వెయ్యను. నిజమైన కోరల్ లేదు కాబట్టి అంతకన్నా అవసరమూ లేదు.

కడగడం మాత్రం ఆకారాన్ని బట్టే. మెదడు ఆకారంలో గుండ్రంగా ఉండేదాన్ని పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే గాడుల్లోంచి పాచి పొరలా లేచొస్తుంది. జింక కొమ్ముల్లా సన్నటి చీలికలుండేవి కొంటే మీ ఆదివారం పోయినట్టే. పైగా అడుగున బోలుగా ఉండే రెజిన్ ముక్కల్లో మేత, రెట్ట చేరి కుళ్లుతాయి. ఒకదాన్ని ఎత్తి చూస్తే లోపలంతా నల్లగా, కుళ్లిన గుడ్డు వాసన. అప్పటినుంచి బోలుగా ఉన్నవాటికి వెనకాల డ్రిల్లుతో రెండు పెద్ద బెజ్జాలు వేసి గానీ నీళ్లలో దించట్లేదు.

ఎక్కువ పట్టేస్తే బ్లీచింగ్ ద్రావణంలో ముంచుతాను, ఆ తర్వాత మిగిలిన క్లోరిన్ పోవడానికి సోడియం థయోసల్ఫేట్ నీళ్లలో నానబెట్టి బాగా ఆరనిస్తాను. ఆ థయోసల్ఫేట్ కొనడానికి రొయ్యల చెరువుల మందుల షాపుకి వెళ్తే షాపాయన మామూలుగా "ఎన్నెకరాలండీ?" అన్నారు. "నాలుగడుగులండీ" అన్నాను. నవ్వి చిన్న పొట్లం కట్టిచ్చారు. ఈ ప్రాంతంలో ఉండటం మాకు పెద్ద కలిసొచ్చిన విషయం. సెలినిటీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో) చూసే మీటరు, అమ్మోనియా కిట్టు, ఏరేషన్ రాళ్లు అన్నీ ఆ షాపుల్లోనే దొరుకుతాయి. రొయ్యల మీటరు మీదే 35 (వెయ్యి పాళ్లకి 35 పాళ్ల ఉప్పు) చూసుకుని ఉప్పు కలుపుకుంటున్నాను.

అమ్మోనియా కిట్టు ఎందుకంటే, రెజిన్ కోరల్ నీటిని శుభ్రం చేసే పని దాదాపు చెయ్యదు. సముద్రపు రాయిలో సన్నటి రంధ్రాల నిండా బ్యాక్టీరియా ఉండి చేపలకి విషమైన అమ్మోనియాని విరగ్గొడుతుంది. రెజిన్ నున్నగా ఉంటుంది. ఆ పని ఫిల్టర్లోని సెరామిక్ రింగులే చెయ్యాలి, కాబట్టి అవి దండిగా ఉండాలి. ఇందులో ఓ లాభమూ ఉంది. బ్యాక్టీరియా కాపురం రింగుల్లో కాబట్టి కోరల్ని బ్లీచ్ చేసినా తొట్టెకి ఏమీ కాదు.

వీటివల్ల అసలు ఉపయోగం చేపలకి తెల్లమచ్చల జబ్బు వచ్చినప్పుడు తెలుస్తుంది. దానికి రాగి మందు బాగా పనిచేస్తుంది, కానీ రాగి తగిలితే కోరల్స్, నత్తలు, రొయ్యలు చచ్చిపోతాయి. సముద్రపు రాయి ఆ రాగిని పీల్చుకుంటుంది కూడా. ఉత్త చేపలూ రెజినూ ఉన్న తొట్టెలో కిట్టుతో కొలుచుకుంటూ నేరుగా మందు వెయ్యొచ్చు. కోరల్స్‌ని కొరుక్కు తినే బటర్‌ఫ్లై చేపల్ని కూడా, తొట్టె పెద్దదైతే, భయం లేకుండా పెంచుకోవచ్చు.

సిలికాన్ ఎనిమోన్ (క్లౌన్ ఫిష్ కాపురముండే సముద్రజీవికి నకలు) గురించి రెండు ముక్కలు. పంపు తోసే నీళ్లకి ఊగుతూ బాగుంటుంది, రంగు పోలేదు, వేళ్లతో రాస్తే పాచి ఊడొస్తుంది. క్లౌన్ ఫిష్ వచ్చి అందులో దూరుతుందని ఆశ మాత్రం పెట్టుకోకండి. మా జంట దాన్ని వాసన కూడా చూడలేదు, ఫిల్టరు పైపు మూలే వాటి కాపురం.

ప్లాస్టిక్ కొమ్మలు వద్దు. మంచినీటి తొట్టెల కోసం చేసిన కొన్నిటి అడుగున ఇనుప తీగో బరువు బిళ్లో ఉంటుంది, ఉప్పునీటికి తుప్పు పట్టి నీళ్లు ఎర్రబడతాయి. ఏ రకమైనా ముందు ఓ వారం ఉప్పునీళ్ల బకెట్లో ఉంచి, రంగు దిగుతోందా, వాసన వస్తోందా చూసుకోండి. ట్రిగ్గర్ ఫిష్ ఉన్నవాళ్లు సిలికాన్ జోలికి పోకుండా రెజినే తీసుకోండి, దాని పళ్లకి మెత్తటిది ఆగదు, ముక్కలు మింగుతుంది.