పుస్తకాల పెట్టె పంపాలా, డబ్బు పంపాలా? యెమెన్ బడిపిల్లలకు ఏది మేలు?

నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, రంగులు సర్ది అట్టపెట్టె మూసేటప్పుడు మనసుకు కలిగే తృప్తిని నేను తక్కువ చేసి మాట్లాడను. ఎవరో తెలియని ఒక పాపాయి దాన్ని విప్పుతుందన్న ఊహే గొప్పది. కానీ ఆ పెట్టె యెమెన్‌లోని ఒక బడికి చేరడానికి ఏమేం దాటాలో తెలుసుకున్నాక, నేను డబ్బు వైపే మొగ్గుతున్నాను.

కాగితం బరువైన సరుకు. విడి పార్సిలుగా దేశాలు దాటిస్తే రవాణా ఖర్చు పుస్తకాల ధరను సులువుగా మించిపోతుంది. అక్కడి ప్రధానమైన రేవు హొదైదా అక్కడి అంతర్యుద్ధంలో దెబ్బలు తిన్నది. 2014లో హూతీలనే తిరుగుబాటుదారులు రాజధాని సనాను పట్టుకున్నాక దేశం రెండు పాలనల కింద చీలిపోయింది. ఒక చోట దొరికిన అనుమతి రెండో చోట చెల్లుతుందన్న నమ్మకం లేదు, దారిలో తనిఖీలు సరే సరి. బడి తెరిచేనాటికి అందవలసిన పుస్తకం సంవత్సరాంత పరీక్షలు అయ్యాక వస్తే దానికోసం ఎదురుచూసిన పిల్లకు ఏం చెబుతాం?

పుస్తకం తీరు కూడా చూడాలి. అరబిక్ కుడి నుంచి ఎడమకు రాస్తారు. మనకు అలవాటైన పుస్తకంలో మార్జిన్ ఎడమన ఉంటుంది, కుట్టు కూడా ఎడమనే. తలకిందులుగా తిప్పి వాడుకోవచ్చు, నిజమే. అట్ట మీది బొమ్మ మాత్రం తలకిందులవుతుంది. యునిసెఫ్ అత్యవసర సమయాల్లో పంపే 'పెట్టెలో బడి' కిట్‌లో ఈ చిక్కు ముందే ఆలోచించారు: అందులోని నోటు పుస్తకాలకు మార్జినే ఉండదు, ఏ వైపు నుంచి రాసే పిల్లలైనా వాడుకోవచ్చు. ఒక్కో పెట్టె ఒక టీచరుకూ 40 మంది పిల్లలకూ సరిపోతుంది. పెట్టె మూతకు ప్రత్యేకమైన రంగు పూస్తే అదే నల్లబల్ల. గోడలు లేని చోట కూడా పాఠం మొదలుపెట్టవచ్చు. మారిబ్ చుట్టుపక్కల శిబిరాల్లో తలదాచుకున్న కుటుంబాల పిల్లల వంటి వారికి, ఊరు విడిచిన తొలి వారాల్లో, ఇంతకన్నా మంచి సాయం నాకు తోచదు. మనం సర్దే పెట్టెలో ప్రేమ ఉంటుంది. ఈ పెట్టెలో ప్రేమతో పాటు అనుభవం కూడా ఉంది.

అయితే ఏళ్ల తరబడి నడవవలసిన బడికి కిట్ ఒక్కటే చాలదు. 2016 సెప్టెంబరులో కేంద్ర బ్యాంకు ప్రధాన కార్యాలయాన్ని సనా నుంచి ప్రభుత్వం అధీనంలోని ఏడెన్ నగరానికి మార్చిన తర్వాత, హూతీల అధీనంలోని ప్రాంతాల్లో ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు చాలావరకు ఆగిపోయాయి. ఉపాధ్యాయుల పరిస్థితీ అదే. ఇల్లు గడవని మాస్టారు ఎన్నాళ్లని ఉత్త చేతులతో బడికి వస్తాడు? కూలికో, చిన్న బేరానికో పోతే తప్పు పట్టగలమా? పిల్లల సంచుల్లో కొత్త పుస్తకాలుండీ తరగతిలో చెప్పేవారు లేకపోతే అది బడి కాదు. 2019లో యునిసెఫ్ లక్షకు పైగా ఉపాధ్యాయులకూ బడి సిబ్బందికీ నెలకు 50 డాలర్లకు సమానమైన భృతి ఇచ్చింది ఇందుకే. పెన్సిలుకు ఇచ్చినంత సంతోషంగా జనం టీచరు భృతికి ఇవ్వరు. ఆ విషయం నన్ను బాధిస్తుంది.

డబ్బుతో మరో మేలు, పుస్తకాలను అక్కడి బజారులోనే కొనవచ్చు. యుద్ధంలోనూ దుకాణం మూయని వ్యాపారికి బేరం దొరుకుతుంది, పిల్లలకు అలవాటైన పుస్తకమే వస్తుంది.

డబ్బు దారి నున్నగా ఉంటుందని నేను అనను. అక్కడి నాణెం రియాల్ విలువ సనాలో ఒకటి, ఏడెన్‌లో మరొకటి. హూతీలు 2024 జూన్ నుంచి ఐక్యరాజ్యసమితి సిబ్బందిని సైతం నిర్బంధించారు కాబట్టి, ఏ సంస్థ అయినా అన్ని చోట్లా పనిచేయగలదని అనుకోకూడదు.

సరుకే పంపాలని ఉంటే, అక్కడ పనిచేస్తున్నవారు ఫలానాది కావాలని అడిగినప్పుడు, అది అక్కడ దొరకనప్పుడు, పెద్ద మొత్తంలో వారి సరుకుతో కలిపి పంపండి. సైనికుల దుస్తుల రంగుల సంచులు మాత్రం వద్దు. తనిఖీల మధ్య నడిచి వెళ్లే పిల్లలకు అది ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు.

డబ్బు ఇచ్చేముందు సంస్థను మూడు ప్రశ్నలు అడగండి: ఏ జిల్లాలో పనిచేస్తున్నారు, పుస్తకాలు ఎక్కడ కొంటున్నారు, టీచరుకు ఏమైనా ఇస్తున్నారా? మూడో ప్రశ్నకు సూటిగా జవాబిచ్చేవారికి నేను ముందు ఇస్తాను.