కురుసుర కెప్టెనా, చక్ర కెప్టెనా?

మా బరంపురంలో పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నానికి విశాఖ. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ చూసొచ్చిన దగ్గర్నుంచీ మేనల్లుడిది ఒకటే గోల: "మావయ్యా, ఇది గొప్పదా, అణు సబ్‌మెరైన్ గొప్పదా?"

1969లో నౌకాదళంలో చేరిన కురుసురది డీజిల్, బ్యాటరీల బతుకు. నీళ్ల కింద బ్యాటరీతోనే నడవాలి. ఛార్జింగ్ తగ్గితే పైకొచ్చి, కనీసం గాలిగొట్టమైనా పైకెత్తి, ఇంజన్లు తిప్పాలి. శత్రువుకి దొరికిపోయే ప్రమాదం అప్పుడే. అందుకే కమాండింగ్ ఆఫీసర్‌కి బ్యాటరీ లెక్కే ప్రాణం. లోపల ఆ గుండ్రటి ద్వారాల్లో దూరేసరికి నా నడుం పట్టేసింది, అది వేరే సంగతి.

2012లో రష్యా నుంచి అద్దెకు తెచ్చుకుని, 2021లో తిరిగిచ్చేసిన అణు సబ్‌మెరైన్ చక్రకి ఆ బెంగ లేదు. రియాక్టర్ వేడితో ఆవిరి, ఆవిరితో టర్బైన్, పైగాలి అక్కర్లేదు. ముందుగా నిండుకునేది వంటసరుకే. కాకపోతే రియాక్టర్ని చల్లబరిచే పంపుల చప్పుడుంటుంది. బ్యాటరీ మీద మెల్లగా పాకే డీజిల్‌ది పిల్లి నడక.

మా గోపాలపురంలాంటి తీరం దగ్గర మాటు వేయాలంటే నా ఓటు డీజిల్‌కే. నడిసముద్రంలో రోజుల తరబడి ఓడల్ని తరమాలంటే మాత్రం చక్రే. మావాడు అదంతా వినలేదు, "చక్రలో పెరిస్కోప్ చూడనిస్తారా?" అన్నాడు.