ఏనుగుని ఎఫ్7లో పెట్టడం నేర్పినందుకు మూడు వందలు

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో నెలకొక ఆదివారం ఒక చెస్ క్లాసు జరుగుతోంది. పాత గేము ఒకటి తీసుకుని మూడున్నర గంటలు దాన్నే తవ్వుతారు, మనిషికి మూడు వందలు, బోర్డు మనమే తెచ్చుకోవాలి. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో తిట్లు కూడా ఉన్నాయి, ఊళ్ళో వాళ్ళకి ఎలాగూ ఎవరి గురించో తెలిసిపోతుంది. మా మేనకోడలికి పదకొండేళ్ళు, దాన్ని దింపడానికి వెళ్ళి నేను కూడా మూడు వందలు కట్టి కూర్చున్నాను, అసలు కథ అక్కడ మొదలైంది.

ముందు కోపం వచ్చిన సంగతులు చెప్పేస్తాను. పదింటికి అన్నారు, మొదలైంది పదీ నలభైకి. పాతపట్నం నుంచి బస్సులో వచ్చినవాళ్ళు తొమ్మిదిన్నరకే వచ్చి మెట్లమీద కూర్చున్నారు, తలుపు తీసేవాడు లేడు. ప్రొజెక్టర్ ఉంది గానీ కిటికీకి కర్టెన్ లేదు, కుడిపక్క కూర్చున్నవాళ్ళకి తెరమీద తెల్ల గళ్ళకీ నల్ల గళ్ళకీ తేడా తెలియలేదు. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది, అది వాళ్ళ తప్పు కాదు. ఇచ్చిన కాయితం ఇంగ్లీషులో ఒకవైపు, ఒడియాలో ఒకవైపు. తెలుగు లేదు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరండీ ఇది, ఆ మాత్రం ఒక పేరా తెలుగులో కొట్టించలేరా? అని అడిగితే సార్ నవ్వి "మీ పిల్లలు చదవగలరా?" అన్నారు. నా పక్కనున్న నలుగురు పిల్లల్లో తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు ఒక్కరే, మిగతా ముగ్గురు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నేను ఇంక మాట్లాడలేదు.

ఇక గేము. 1953లో స్విట్జర్లాండ్‌లో జరిగిన క్యాండిడేట్స్ టోర్నమెంటు (ప్రపంచ చాంపియన్‌తో తలపడేది ఎవరో తేల్చేది), జూరిక్ 1953 అంటే చెస్ తెలిసినవాళ్ళు లేచి నిలబడతారు. పదిహేను మంది, ఒక్కొక్కరితో రెండేసి ఆటలు, చివరికి స్మిస్లోవ్ గెలిచాడు. అందులో తైమనోవ్ తెల్ల పావులు, నయ్‌డార్ఫ్ నల్ల పావులు. సార్ ఆ పేరు చెప్పగానే పిల్లలంతా "సిసిలియన్! సిసిలియన్!" అని అరిచారు, సిసిలియన్ డిఫెన్సులో ఒక పద్ధతికి ఆయన పేరే ఉంది మరి, నయ్‌డార్ఫ్ అంటే మనిషి అని వాళ్ళకి ఆ రోజే తెలిసింది. పోలండు మనిషి, 1939లో ఒలింపియాడ్ ఆడటానికి బ్యూనస్ ఎయిరిస్ వెళితే అక్కడుండగానే యుద్ధం మొదలైంది, వెనక్కి వెళ్ళలేదు, పోలండులో ఉండిపోయిన కుటుంబం పోయింది, అర్జెంటీనావాడైపోయాడు. ఇది ఒడియాలో చెప్పి, మళ్ళీ తెలుగులో చెప్పారు, రెండోసారి చెప్పేటప్పుడు హాల్లో ఎవరూ కదల్లేదు. ఎదురుగా కూర్చున్న తైమనోవ్ అప్పటికి 27 ఏళ్ళవాడు, కచేరీలు చేసే పియానో విద్వాంసుడు కూడా. ఇలాంటివి యూట్యూబు వీడియోల్లో ఎవరూ చెప్పరు, తొందరగా బోర్డు మీదికి పోతారు.

నలుపు ఆడిన ఓపెనింగు, అంటే ఆట మొదలుపెట్టే పద్ధతి, కింగ్స్ ఇండియన్. మా గుంటకి, అదే మా మేనకోడలికి, ఇదంటే పిచ్చి, ఎందుకంటే దాని దృష్టిలో కింగ్స్ ఇండియన్ అంటే నల్లబంట్లని రాజు పక్కనుంచి తోసుకుంటూ పోయి అవతలివాడి ఇల్లు పీకెయ్యడం. గట్టిగా దాడి చేసే డిఫెన్సు అని పేరుంది కదా, పిల్లలు ఆ దాడి ఒక్కటే పట్టుకుంటారు, డిఫెన్స్ అన్న మాట వదిలేస్తారు. దానికి వచ్చే ఓటములన్నీ అక్కడివే. బంట్లన్నీ ముందుకి వెళ్ళిపోయి ఉంటాయి, అవతలివాడు సీ అనే నిలువు వరసలోంచి తాపీగా లోపలికి వచ్చి ఇంట్లో సామానంతా ఎత్తుకుపోతాడు.

మొదటి తొమ్మిది ఎత్తులు అందరికీ తెలిసినవే, సార్ అయిదు నిమిషాల్లో కానిచ్చేశారు. తెల్ల బంటు డీ5కి (అక్షరం నిలువు వరసకి, అంకె అడ్డవరసకి) వచ్చి నల్ల గుర్రాన్ని ఈ7కి తోలింది, మధ్యలో బంట్లు ఒకదానికొకటి ఎదురుగా బిగుసుకుపోయాయి, ఇక ఎవరి దారి వాళ్ళది. తెలుపు ఎడమ పక్కన, నలుపు కుడి పక్కన, ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు గోడ కట్టుకున్నట్టు. ఈ పద్ధతికి మార్ డెల్ ప్లాటా అని పేరు, అర్జెంటీనాలో ఆ ఊళ్ళో 1953లోనే జరిగిన టోర్నమెంటు వల్ల వచ్చింది, అక్కడ కూడా నయ్‌డార్ఫ్, గ్లిగోరిచ్ ఇద్దరూ ఇదే ఆడారు. పదో ఎత్తులో నలుపు ఎఫ్5, పదకొండులో ఎఫ్4, పన్నెండులో జీ5. పిల్లలు చప్పట్లు కొట్టేశారు. సార్ ఏమీ అనలేదు.

పద్నాలుగులో తెలుపు సీ5, నల్ల గుర్రం జీ6. పదిహేనులో తెల్ల ఏనుగు సీ1కి. అప్పుడు సార్ ప్రొజెక్టర్ ఆపేసి, ఫోన్లన్నీ ఒక ప్లాస్టిక్ బుట్టలో వేయించి (ఒకాయన ఇవ్వనంటే బయట కూర్చోమన్నారు, నిజంగానే), నలుపు ఏం ఆడాలో కాయితం మీద రాయండి, ఇరవై నిమిషాలు అన్నారు. ఇరవై నిమిషాలు! ఆన్‌లైన్లో మూడు నిమిషాల గేములాడే పిల్లలకి ఇరవై నిమిషాలంటే జైలే. ఎవరో రెండో నిమిషంలోనే "జీ4" అని రాసి చెయ్యి పైకెత్తారు. మా గుంట "హెచ్5" అని రాసింది, పక్కన చిన్న నక్షత్రం కూడా వేసింది. నేను కూడా హెచ్5 అనే రాశాను, దాని చూసి కాదు.

ముప్ఫై రెండు కాయితాల్లో సరైన ఎత్తు ఒక్కదాన్లోనూ లేదు. నయ్‌డార్ఫ్ ఆడింది ఏనుగు ఎఫ్7. తర్వాతి ఎత్తు ఒంటె ఎఫ్8. దాడికి వెళుతున్నవాడు పావుల్ని వెనక్కి జరుపుతున్నాడు, ఇదేటి అని ముందు నాకూ అనిపించింది. అప్పుడు సార్ బోర్డు తిప్పి తెలుపు వైపు నుంచి చూడమన్నారు. తెలుపుకి కావలసినవి రెండే రెండు, డీ6 బంటు మీద ఒత్తిడి, ఏనుగుతో సీ7 లోకి దూరడం. ఎఫ్7లో ఉన్న ఏనుగు ఆ అడ్డవరసలో సీ7ని కాస్తుంది. ఎఫ్8లో ఒంటె డీ6ని కాస్తుంది. రెండు కన్నాలూ మూసుకుపోయాయి. అంతేనా అంటే కాదు, ఒంటె జీ7 ఖాళీ చేసింది కాబట్టి అదే ఏనుగు రేపు జీ7కి జరిగి తెల్లరాజు నెత్తిమీద నిలబడుతుంది. కాపలా కాసే ఏనుగూ, దాడి చేసే ఏనుగూ ఒకటే. ఇది చెప్పడానికి సార్‌కి ముప్పావు గంట పట్టింది, మధ్యలో బోర్డు మీద ఏనుగు ఎఫ్7 ఆడకుండా హెచ్5 ఆడితే ఏమవుతుందో మా చేతే ఆడించారు, నా బోర్డు మీద పది ఎత్తుల్లో నా నల్లవాడు కుప్పకూలాడు. నాకు ఈ క్లాసులో నచ్చింది ఇదీ. నా మూడు వందలూ ఈ ముప్పావు గంటకే సరిపోయాయి, మిగతాదంతా కొసరు అనుకోండి.

అక్కడ బ్రేక్. బరా (మన గారెల్లాంటివి), ఘుగుని (బఠాణీల కూర), టీ. బరాలు చల్లారిపోయినా బాగున్నాయి, టీ మాత్రం ఎవరికో పగ ఉన్నట్టు పెట్టారు.

తర్వాత ఆట వేడెక్కింది. 18లో జీ4, 19లో జీ3. బంటు ఉత్తినే ఇచ్చేశాడు. తెల్ల బంటు కొట్టింది, నలుపు ఎఫ్4 బంటుతో కొట్టాడు, తెల్ల ఒంటె దాన్నీ తినేసింది, నల్లగుర్రం హెచ్5కి వచ్చి ఆ ఒంటెని హెచ్2కి తోలింది. లెక్కకి నలుపుకి ఒక బంటు తక్కువ. ఎందుకిచ్చాడు అంటే మా గుంట చెప్పింది, ఈసారి నక్షత్రం లేకుండానే, "మావయ్యా, ఎఫ్4లో తన బంటే తన ఒంటెకి అడ్డుగా ఉంది కదా" అని. ఆ ఒంటె ప్రయాణం చూడండి: జీ7లో మొదట్నుంచీ సొంత బంటు వెనకాల మూలుగుతూ ఉన్నది, ఎఫ్8, అక్కడి నుంచి ఈ7, జీ5, చివరికి ఈ3లో రాజుకి షా చెప్పింది. దారిలో ఎఫ్4 ఖాళీ లేకపోతే ఈ3కి వెళ్ళడమెలా? ఒక బంటు పోయింది, చచ్చిపడి ఉన్న ఒంటె బోర్డు మొత్తానికి పెద్దన్నైపోయింది. నేను నా జన్మలో అలా లెక్క వేయలేను, బంటు పోతే నాకు రాత్రి నిద్ర పట్టదు.

ఇక్కడ నుంచి క్లాసు చెడింది. ఒంటిగంట దాటింది, హాలు ఒకటిన్నరకి ఖాళీ చెయ్యాలట, సార్ 28వ ఎత్తు నుంచి చివరిదాకా పరిగెత్తించేశారు. గేములో అందమంతా అక్కడే ఉంది! పదీ నలభైకి మొదలుపెట్టకపోతే ఈ తిప్పలు ఉండేవి కావు. ఇంటికొచ్చి నేనూ గుంటా బోర్డు మీద మళ్ళీ పెట్టుకున్నాం, కాబట్టి క్లాసులో చెప్పనిది నేను చెప్తున్నాను.

31లో తెల్ల ఏనుగు ఎట్టకేలకు సీ7 చేరింది. పదిహేను ఎత్తులుగా తెలుపు దేనికోసం కష్టపడ్డాడో అది వచ్చింది. అదే ఎత్తుకి నలుపు ఏనుగుని జీ7కి జరిపాడు, రేపు జరుగుతుంది అన్న జరుగుడు ఇదే. తర్వాత నల్లగుర్రం హెచ్4. ఇప్పుడు జీ2 మీద ఎంత బరువు పడిందంటే, సీ7 దాకా వచ్చిన తెల్ల ఏనుగు 33లో తోక ముడిచి సీ2కి వెనక్కి వచ్చింది, ఇంటికి నిప్పంటుకుంటే పొలంలో పని వదిలేసి పరిగెత్తినట్టు. వెంటనే నల్ల ఒంటె హెచ్3. తర్వాత గుర్రం జీ2లో బంటుని తిని చచ్చింది, ఒంటె ఒంటెని కొట్టి షా చెప్పి అదీ చచ్చింది, తెల్ల మంత్రి జీ2లోకి వచ్చింది. ఇక్కడ ఎవరైనా మంత్రిని మంత్రితో కొట్టేద్దామనుకుంటారు. నయ్‌డార్ఫ్ తన మంత్రిని నెమ్మదిగా హెచ్4కి జరిపాడు. అంతే. జీ7 ఏనుగు దారి తెరుచుకుని తెల్ల మంత్రి మీద పడింది, హెచ్2 ఒంటె రాజు ముందు కట్టుబడి కదల్లేదు. తైమనోవ్ మంత్రిని ఇచ్చి ఆ ఏనుగుని తీసుకోవలసి వచ్చింది, ఇంకో అయిదు ఎత్తులు లాగాడు, 42లో నలుపు హెచ్5 ఆడి తెల్ల ఏనుగుని తరిమేసరికి చాలించాడు. హెచ్5! గుంట ఎగిరి గంతేసింది, "నేను రాసిన ఎత్తే" అని. ఇరవై ఏడు ఎత్తులు ముందు రాసింది, అది వేరే సంగతి.

క్లాసు చివర్లో ఫోన్లు తిరిగి ఇచ్చాక ఒక కుర్రాడు ఫోన్లో ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్) పెట్టి "సార్, మొదట్లో తెలుపుకే బాగుందని చూపిస్తోంది" అన్నాడు. కింగ్స్ ఇండియన్ అంటే ఇంజిన్లకి మొదట్నుంచీ చిన్నచూపే, తెలుపుకి జాగా ఎక్కువుంటుంది కాబట్టి. సార్ కోప్పడలేదు, "ఆ జాగా నువ్వు బోర్డు మీద నిలబెట్టుకో, ఇంజిన్ జేబులో పెట్టుకుని కాదు" అన్నారు. బాగానే చెప్పారు గానీ, ఇంజిన్‌తో ఎక్కడెక్కడ ఇద్దరూ తప్పు ఆడారో కూడా ఒక పావుగంట చూపించి ఉంటే పెద్దపిల్లలకి ఉపయోగపడేది. అన్నిటినీ అద్భుతం అనుకుని వెళితే రేపు టోర్నమెంటులో దెబ్బతింటారు.

2024 డిసెంబరులో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయిన దగ్గర్నుంచి మా వైపు చెస్ క్లాసులు పుట్టగొడుగుల్లా లేచాయి. మావాళ్ళు చేర్పించిన ఇంకో చోట రెండు నెలలు ఓపెనింగులు బట్టీ పట్టించారు, గుంటకి పద్నాలుగు ఎత్తులు కంఠతా వచ్చాయి, పదిహేనోది ఏమిటో తెలియదు. ఇక్కడ ఆ పదిహేనో ఎత్తు దగ్గరే కూర్చోబెట్టారు. అందుకే టైము పాటించని జబ్బుకి ఒక మార్కూ, టీకి అర మార్కూ కోసి, అయిదుకి మూడున్నర ఇస్తున్నాను. ఏడేళ్ళలోపు పిల్లల్ని మాత్రం తీసుకెళ్ళకండి, మూడున్నర గంటలు కూర్చోలేరు, మనల్ని కూర్చోనివ్వరు.

వచ్చే నెల అదే జూరిక్ టోర్నమెంటులో అవెర్బాఖ్, కోటోవ్ ఆడిన గేమట, నలుపు మంత్రినే హెచ్3లో బలిచ్చేస్తాడు. వెళ్ళేవాళ్ళు ఎడమపక్క కూర్చోండి, తెర కనిపిస్తుంది. ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళండి.