మంచాన పడ్డవారిని చూసుకునేవాళ్ళకి బెంగళూరులో దొరికే సాయం: ఏది ఎందాకా పనికొస్తుంది

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు తెలుగిళ్ళలో మంచాన పడ్డ పెద్దవాళ్ళ భారమంతా సాధారణంగా కోడలి మీదో కూతురి మీదో పడుతుంది. అలాంటివాళ్ళకి అందే సేవల మీద మా అంచనా ఇది.

14567 ఎల్డర్‌లైన్, పెద్దవాళ్ళ కోసం పెట్టిన ప్రభుత్వ ఫోన్ నంబరు. 2017లో హైదరాబాద్‌లో మొదలై 2021లో దేశమంతటికీ వచ్చింది. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఎత్తుతారు. పింఛను, ఆస్తి తగాదా, వేధింపు లాంటివాటికి దారి బాగా చూపిస్తారు. అయితే ఆయాని పంపే సేవ కాదిది. ఊరికే "సాయం కావాలి" అంటే మాట ముందుకు సాగదు. "మా పేటకి దగ్గర్లో పెద్దవాళ్ళని పగటిపూట చూసుకునే డే కేర్ ఎక్కడుంది" అని సూటిగా అడగండి.

రాత్రిళ్ళకి 14416, టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ నంబరు. 24 గంటలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. రోగి కోసమే అనుకుని చాలామంది చెయ్యరు. నిద్ర లేక, విసుగుతో పెద్దవాళ్ళ మీద చెయ్యెత్తే దాకా వచ్చినవాళ్ళు తమ కోసమే చెయ్యాలి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మారతహళ్ళిలోని కరుణాశ్రయకి మా దగ్గర అన్నిటికన్నా ఎక్కువ మార్కులు. ముదిరిన క్యాన్సర్ రోగుల కోసం పెట్టిన ఆశ్రమం అది, పైసా తీసుకోరు, ఇంటికొచ్చి చూసే బృందం కూడా ఉంది. బయాప్సీ, స్కాన్ రిపోర్టులు, డాక్టర్ రాసిన డిశ్చార్జ్ సమ్మరీ దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి. చివరి వారం దాకా ఆగడం అందరూ చేసే తప్పు. నొప్పి మందులు సర్దుబాటు కావడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి, ఆలస్యంగా వెళ్తే ఉపశమనం సగమే. పక్షవాతానికీ ఇదే సేవ దొరుకుతుందని మాత్రం ముందే అనుకోకండి.

డబ్బిచ్చి పెట్టుకునే అటెండెంట్ ఏజెన్సీల దగ్గరే మోసపోయేది ఎక్కువ. "నర్స్" అని పంపినవారికి జీఎన్ఎం లేదా ఏఎన్ఎం (నర్సింగ్ చదువులు) రిజిస్ట్రేషన్ ఉందో లేదో కాగితం చూడండి. లేకపోతే ముక్కు గొట్టంతో తిండి, యూరిన్ గొట్టం మార్చడం వాళ్ళకి అప్పగించకూడదు. గొట్టం పక్కకి జరిగిందని గమనించకుండా పాలు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. డైపర్ మార్చడం, ఒళ్ళు తుడవడం, రాత్రి లేచి పక్కకి తిప్పడం పనిలో ఉన్నాయా, ఆ మనిషి రాని రోజు ఎన్ని గంటల్లో ఇంకొకర్ని పంపుతారు, అడ్వాన్సు ఎలా తిరిగిస్తారు, ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట రెండో వారానికే మారిపోతుంది.

మంచం, ఎయిర్ బెడ్ (పుళ్ళు పడకుండా పంపుతో గాలి నింపే పరుపు) కొనక్కర్లేదు, అద్దెకి దొరుకుతాయి. బెడ్ తెచ్చిన మనిషి ఉండగానే రోగిని పడుకోబెట్టి, నడుము కింద భాగంలో పరుపు అడుగున అరచెయ్యి పెట్టండి. ఎముక చేతికి తగిలితే గాలి చాలలేదన్నట్టే. చేతికీ ఒంటికీ మధ్య కనీసం అంగుళం మందాన గాలి ఉండాలి. పైన ఒక్క దుప్పటే వెయ్యండి, మందంగా బొంతలు పరిస్తే బెడ్ పని చెయ్యదు. గాలి వెళ్ళే పైపు మంచం రెయిలింగ్ కింద నలగకుండా చూడండి, పంపు మోగుతూనే ఉన్నా పరుపులో గాలి తగ్గిపోయేది అందుకే. ఎయిర్ బెడ్ ఉన్నంత మాత్రాన రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం మానకూడదు. తిప్పిన వేళ, ఏ పక్కకో, మడమల దగ్గర ఎరుపు ఉందో లేదో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. వేలితో నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలవుతున్నట్టే, ఆ చోట బరువు పడనివ్వకండి, అదే రోజు నర్సుకి చూపించండి.