అరకు అరబికా: ఏ ప్యాకెట్ కొనాలి, ఎలా కాచాలి

చికోరీ (వేయించిన వేరు పొడి) కలిపిన కాఫీకి అలవాటుపడ్డ నాలుకకు అరకు కొండల్లో పండే అరబికా రకం కాఫీ మొదటి గుక్కలో పల్చగా తగులుతుంది. అది పొడి లోపం కాదు. ఆ నలుపు, చిక్కదనం చికోరీవి. ఇందులో ఉండేది సన్నని పులుపు, పండిన పండు వాసన, తక్కువ చేదు. గ్లాసు నిండా పాలు పోసుకునేవాళ్లు దీనికి డబ్బు తగలెయ్యక్కర్లేదు.

ఫిల్టర్‌లో ఇద్దరికి 20 గ్రాముల పొడి, 120 మిల్లీలీటర్ల నీళ్లు. మరిగిన నీళ్లు అరనిమిషం ఆగి పోయాలి. చికోరీ లేని పొడిలోంచి నీళ్లు త్వరగా జారిపోతాయి కాబట్టి మర కాస్త మెత్తగా ఉండాలి. బరకైతే వచ్చేది డికాక్షన్ కాదు, రంగునీళ్లు. డికాక్షన్‌ను మళ్లీ పొయ్యెక్కించొద్దు, వాసన పోయి చేదు మిగులుతుంది. పాలు విడిగా కాచి కలపండి. మూత విప్పిన పొడి రెండు వారాల్లో వాడెయ్యాలి. గింజలు నెల ఆగుతాయి.

అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అయినా ప్యాకెట్ మీద ‘అరకు’ అన్న మాట చూసి కొనేయకండి. చికోరీ కలిపితే ఎంత శాతమో లేబుల్ మీద వెయ్యాలి, అది చదవండి. వేయించిన తేదీ వేసినదైతే ఇంకా మంచిది. ఇంటి ఫిల్టర్‌కి గిరిజన సహకార సంస్థ (జీసీసీ) పొడి చాలు. ఆదివాసీ రైతుల సహకార సంఘం పండించగా నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ద్వారా 2017లో పారిస్ దాకా వెళ్లిన ‘అరకు’ బ్రాండ్ గింజలు బాగా ఖరీదు. పాలు లేకుండా తాగేవాళ్లకే ఆ తేడా తెలుస్తుంది.

ఆ ఖరీదు వెనక పని చాలా ఉంది. కిలో పచ్చి గింజలకు ఐదారు కిలోల పండ్లు కావాలి. ఎర్రబడ్డవే ఏరాలి, కోసిన రోజే తొక్క తీయాలి. పచ్చికాయలు కలిస్తే కప్పులో గడ్డి రుచి, తడి ఆరకపోతే బూజు వాసన. ఈ తోటలు ఎక్కువగా 900 నుంచి 1100 మీటర్ల ఎత్తులో ఉంటాయి. అరబికాకు అది తక్కువ ఎత్తే, అందుకే ఎండలు ముదిరితే దెబ్బ ముందు ఇక్కడే. కాఫీ మొక్కలకు నీడనిచ్చే చెట్లు పల్చబడ్డ చోట కాండం తొలిచే పురుగు చేరుతుంది. పట్టిన మొక్కను పీకి కాల్చాలి. ఒక్క ఇల్లు వదిలేసినా పక్క తోటకు పాకుతుంది. కాయ తొలిచే పురుగుదీ అదే లెక్క: చెట్టు మీద, నేల మీద ఒక్క కాయ మిగలకుండా ఏరెయ్యాలి. కొండదొరలు, బగతలు, కోటియాలు, వాల్మీకులు లాంటి ఆదివాసీ తెగల వాళ్లు ఊరంతా కలిసి దిగితే తప్ప సాగని పనులివి.

ఏ చెట్టు నీడ అన్న విషయంలో మాత్రం ఒక పేచీ ఉంది. సిల్వర్ ఓక్ త్వరగా ఎదుగుతుంది, మిరియాల తీగ పాకించుకోవచ్చు. కానీ అదొక్కటే ఉన్న తోట అడవి కాదు. 2014లో హుద్‌హుద్ తుపానుకి ఆ చెట్లే విరిగి కాఫీ మొక్కల మీద పడ్డాయి. పనస, మామిడి, అడవిచెట్లు కలిసిన తోటల కాఫీ అని అడిగి కొనండి. అమ్మేవాడు చెప్పగలిగితే ఆ సరుకు ఏ ఊరిదో అతనికి తెలుసన్నమాట.

కోత నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. కొత్త పంట వేసవి దాటాక కొనొచ్చు. డిసెంబరులో అల్పపీడనాలు వరసకట్టిన ఏడాది కాయలు పగిలి రాలతాయి, గింజలు ఆరవు. ఆ ఏడాది పంటైతే ముందు 100 గ్రాములే తీసుకోండి.