పెరటి జిమ్‌కి గ్రీన్ నెట్ పందిరి: మూడు వేసవుల తర్వాత

గుంటూరులో మా పెరట్లోనే బెంచీ, పుల్‌అప్ బార్, కొన్ని ఇనుప ప్లేట్లు పెట్టుకుని నేనూ మా తమ్ముడూ కసరత్తు చేస్తుంటాం. వాటికి నీడగా వేసిన గ్రీన్ నెట్ పందిరి మూడు వేసవులు దాటింది. తక్కువ ఖర్చులో నీడ కావాలంటే ఇదే వేసుకోండి, రేకుల షెడ్డు మాత్రం వద్దు.

రేకు కాలిందంటే ఆ సెగంతా కిందికే కొడుతుంది. నెట్ కింద గాలి ఆడుతుంది. రోహిణి కార్తెలో చల్లగా ఉంటుందని చెప్పను, వడగాడ్పు ఎక్కడున్నా వడగాడ్పే. కానీ ఇదివరకు సాయంత్రం పూట కూడా బార్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. ఇప్పుడు వట్టి చేతులతో పట్టుకుంటున్నాం. బెంచీ రెగ్జిన్ కూడా పగలడం లేదు.

నెట్ 50, 75, 90 శాతం నీడనిచ్చే రకాల్లో దొరుకుతుంది. మొక్కలకి 50 సరిపోతుందేమో గానీ మనుషులకి చాలదు. 90లో నీడ చిక్కగా ఉన్నా గాలి తగ్గి ఉక్కపోస్తుంది. మేం 75 వేశాం. అయితే శాతం కన్నా ముందు అడగాల్సింది, అది యూవీ స్టెబిలైజర్ (ఎండకి నెట్ పెళుసెక్కకుండా కాపాడే మందు) కలిపిన నెట్టేనా అని. పక్కింటివాళ్లు వేసిన చవక నెట్ ఏడాది తిరిగేసరికి వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలింది.

డబ్బు గుంజల మీద పెట్టండి. సర్వి బాదులు చవకే, కానీ నేలలో పాతిన మొదలు చెదపట్టి పోతుంది. మేం రెండంగుళాల జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపుల్ని రెండడుగుల లోతున కాంక్రీటులో నిలబెట్టించాం. ఎత్తు తొమ్మిదడుగులు, ప్లేట్లు తగిలించిన బార్ తలపైకి లేపినా నెట్‌కి తగలదు. పైపుల మధ్య తీగ లాగి, నెట్ అంచు రెండు మడతలు మడిచి నైలాన్ తాడుతో అల్లాం. బైండింగ్ వైరుతో కడితే గాలికి రాసుకుని నెట్‌ని కోసేస్తుంది. తెల్ల ప్లాస్టిక్ ట్యాగులు ఎండకి పెళుసెక్కి ఫట్‌మని తెగుతాయి. ఇన్నాళ్లలో మేం మార్చింది ఒక్క తాడే.

పందిరి వేసేవాళ్లు చాలామంది పట్టించుకోనిది పడమటి ఎండ. మా ఊళ్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది మే మొదటి వారంలో, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో. అదీ మిట్టమధ్యాహ్నం, అప్పుడు కసరత్తు ఎవరు చేస్తారు? సాయంత్రం ఐదింటికి ఎండ ఏటవాలుగా వస్తుంది. కప్పు నీడ తూర్పు గోడ మీదికి జరిగిపోతుంది, బెంచీ మీద పడుకున్నవాడి కళ్లలో ఎండ కొడుతుంది. పడమటి వైపు అదే నెట్‌ని పైనుంచి నడుం ఎత్తు వరకు పరదాలా దింపాకే సాయంత్రం నీడ దక్కింది. కింది భాగం వదిలేశాం కాబట్టి గాలికి అడ్డు లేదు. నెట్ కొనేటప్పుడే దీనికి సరిపడా కలిపి కొలత చెప్పండి.

వానని ఇది ఆపదు. నెట్ మీద టార్పాలిన్ కప్పితే నీళ్లు నిలిచి కుంగుతుంది, గాలికి గుంజల్నే లాగేస్తుంది. ప్లేట్లు, బార్ వరండాలోకి చేర్చడమే మేలు. మాకు తుపాన్లు మామూలే కాబట్టి తాళ్లన్నీ జారుముడులే వేశాం, హెచ్చరిక రాగానే ఇద్దరం కలిసి కప్పూ పరదా విప్పి చుట్టి లోపల పెట్టేస్తాం.